కొవ్వూరు దాకా తొక్కుదాం: వృద్ధాశ్రమంలో వీఆర్ సైకిల్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

రాజమండ్రిలో మేం పనిచేస్తున్న వృద్ధాశ్రమంలో దాదాపు అందరూ డెబ్బై దాటినవాళ్లే. పొద్దున్నే కాఫీ, పేపరు, టిఫిను, మందులు. ఆ తర్వాత కుర్చీ. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేదాకా అదే కుర్చీ. ఫిజియోథెరపిస్టుని అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడ ఎంత బతిమాలినా "మోకాళ్లు నొప్పమ్మా", "రేపు చూద్దాంలే తల్లీ" అనే జవాబులే ఎక్కువ. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. గోడకేసి చూస్తూ కాళ్లు ఆడించమంటే ఏ వయసువాళ్లకైనా ఉత్సాహం ఎక్కణ్నుంచి వస్తుంది?

65 ఏళ్లు దాటినవాళ్లకి కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దానికి తోడు వారంలో కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు, కండరాలకి బలమిచ్చేవి చెయ్యాలి. అంత చెయ్యలేనివాళ్లు ఒంట్లో ఓపికున్నంత చేసినా మేలే అని కూడా అందులోనే ఉంది. మాకు ధైర్యం ఇచ్చింది ఆ చివరి మాటే.

నార్వేలోని బెర్గెన్‌లో మోటిటెక్ అనే సంస్థ ఇలాంటి పని చాలా ఏళ్లుగా చేస్తోంది. వ్యాయామం సైకిలు ముందు పెద్ద తెర పెట్టి, ఆ ముసలివాళ్లు పుట్టి పెరిగిన ఊళ్ల దారుల వీడియోలు వేస్తారు. తొక్కుతుంటే ఆ దారిలో వెళ్తున్నట్టే ఉంటుంది. మేం తెర బదులు వీఆర్ హెడ్‌సెట్ (కళ్లకి పెట్టుకుంటే చుట్టూ ఆ దృశ్యమే కనపడే పరికరం) వాడి చూద్దామనుకున్నాం. ఆశ్రమంలో ఉండే ఒక మామ్మగారి అబ్బాయి అమెరికా నుంచి వస్తూ ఒక హెడ్‌సెట్ తెచ్చి ఇచ్చాడు. పెడల్ ఎక్సర్‌సైజర్ డాక్టరమ్మ దగ్గరే ఉంది: కుర్చీ ముందు నేల మీద పెట్టి తొక్కే చిన్న యంత్రం, సీటూ ఉండదు, చక్రాలూ ఉండవు. నా వంతు వచ్చి ప్రోగ్రామింగు, వైర్లు.

డాక్టరమ్మ మొదటిరోజే షరతులు పెట్టింది. హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరూ నిలబడకూడదు. కుర్చీకి చేతులుండాలి, చక్రాలుండకూడదు, వెనక గోడ ఆనాలి. తొక్కే ముందు బీపీ చూడాలి, సుగరు ఉన్నవాళ్లు ఏం తిన్నారో, మందు ఎప్పుడు వేసుకున్నారో అడగాలి. మూర్ఛ ఉన్నవాళ్లకి, కళ్లు తిరిగే జబ్బున్నవాళ్లకి, ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకి హెడ్‌సెట్ వద్దు. ఒక్కొక్కరికి పది నిమిషాలకి మించి వద్దు. ఈ కాగితం గోడకి అంటించాం.

ఫిబ్రవరి చివర

పెడల్ తిరిగితేనే దారి కదలాలి, ఆగితే దారీ ఆగాలి. ప్రాజెక్టు మొత్తానికి ప్రాణం ఇదే.

పెడల్ ఇరుసుకి గుండ్రంగా కోసిన ప్లాస్టిక్ పళ్లెం బిగించి, దాని మీద ఒక అయస్కాంతం అంటించాం. పక్కన హాల్ సెన్సర్, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే పసిగట్టే చిన్న పరికరం. అయస్కాంతం దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి ఒక సంకేతం వెళ్తుంది. ఆ బోర్డు వైఫైలో హెడ్‌సెట్‌కి వేగం చెప్తుంది. రూటరుకి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఆ గదిలో మాత్రం పనిచేస్తే చాలు.

ఒక్క అయస్కాంతంతో కుదరదని మర్నాటికే తేలిపోయింది. మా పెద్దవాళ్లు తొక్కేది నిమిషానికి 30 చుట్లు. అంటే రెండు సెకన్లకి ఒక సంకేతం. పాదం ఆగిన రెండు సెకన్లకి గానీ దారి ఆగదు. కుర్రాళ్లకి ఇదో లెక్క కాదు. కానీ ఒళ్లు ఆగింది అని చెవిలోపలి సమతూకం చెప్తుంటే, ఇంకా వెళ్తున్నాం అని కళ్లు చెప్తుంటే కడుపులో తిప్పడం మొదలవుతుంది. వీఆర్‌లో వికారానికి మూలం ఈ తగువే. అయస్కాంతాలు ఆరు పెట్టాం. ఇప్పుడు సెకనుకి మూడు సంకేతాలు వస్తాయి, కాలు ఆగిన వెంటనే దారి నెమ్మదించి ఆగుతుంది. ఠక్కున ఆపితే ముందుకి పడబోయినట్టు అనిపిస్తోంది కాబట్టి ఆ ఆగడాన్ని కొంచెం మెత్తగా చేశాం.

ఇంకో చిక్కు వీడియో వేగంతో వచ్చింది. సెకనుకి 30 ఫ్రేములతో తీసిన వీడియోని సగం వేగంతో నడిపితే గతుకులు గతుకులుగా కనిపిస్తుంది. అందుకని మెల్లగా తొక్కే వేగాన్నే మామూలు వేగంగా లెక్కపెట్టాం. ఎంత నెమ్మదిగా తొక్కినా వీడియో 0.7 వంతు కంటే తగ్గదు, తొక్కుడు మరీ తగ్గితే ఆగిపోతుంది.

మార్చి

మొదటి విడతలో రెడీమేడ్ వీడియోలు పెట్టాం: స్విట్జర్లాండ్ కొండదారి, సముద్రం ఒడ్డు, పూలతోటలు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. పెద్దవాళ్లు ఒక్కొక్కరూ పెట్టుకుని చూశారు. "అబ్బో, ఎంత బాగుందో బాబూ" అన్నారు. మర్నాడు పిలిస్తే "నిన్న చూశాం కదా" అన్నారు.

అలా అన్నారంటే మా ప్రయత్నం ఇంకా వాళ్లకి వ్యాయామంగానే ఉంది, ప్రయాణం కాలేదన్నమాట. ఎవరికీ ఆ కొండల్లో చుట్టాలు లేరు.

దారి చూపించింది రైల్వేలో పనిచేసి రిటైరైన తాతగారు. 1900లో మొదలై 1997 వరకు రైళ్లని మోసిన హావ్‌లాక్ వంతెన మీద డ్యూటీ చేసిన మనిషి. హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టి "ఇవన్నీ ఎవరి ఊళ్లయ్యా? మన బ్రిడ్జి లేదా?" అన్నారు. మన బ్రిడ్జి అంటే గోదావరి మీద 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన. కింద రైలు, పైన రోడ్డు. రోడ్డు పొడవు 4.1 కిలోమీటర్లు. ఇవతల రాజమండ్రి, అవతల కొవ్వూరు.

ఆ మధ్యాహ్నమే 360 డిగ్రీల కెమెరా (చుట్టూ అన్ని వైపులా ఒకేసారి తీసేది) కోసం స్నేహితులకి ఫోన్లు చేశాను.

మార్చి చివర, తెల్లవారుజామున

ట్రాఫిక్ లేని వేళ సైకిల్ మీద వంతెన దాటాం. హ్యాండిల్‌కి కర్ర కట్టి, కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో కెమెరా నిలబెట్టాం. ఎత్తు ముఖ్యం. కెమెరా పైకి ఉంటే చూసేవాళ్లకి గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది, భయపడతారు. కుదుపులు సర్దేసే సౌకర్యం కెమెరాలోనే ఉంది, నేలగీత వంగకుండా పట్టి ఉంచే సెట్టింగు కూడా ఆన్ చేశాం. అయినా వంతెన జాయింట్ల దగ్గర దడదడ తప్పలేదు. ఆ చోట్ల సైకిల్‌ని బాగా నెమ్మదిగా పోనిచ్చాం.

వీడియోతో పాటు చప్పుడు కూడా వేరే రికార్డర్‌తో తీశాం. దారిలో ఒకచోట కింద ఒక రైలు వెళ్లింది. వంతెన అంతా ఒక్కసారి మోగింది. ఆ ముక్క దొరకడం మా అదృష్టం.

రెండ్రోజుల తర్వాత రైల్వే తాతగారు ఆ చోటికి వచ్చారు. తొక్కడం ఆపి, తల కొంచెం వంచి విన్నారు. "గూడ్సు" అన్నారు. "ఖాళీ గూడ్సు. లోడుంటే ఈ మోత రాదు." మళ్లీ తొక్కడం మొదలెట్టారు.

ఏప్రిల్

ఈ నెలంతా చీరలు, పంచెలు, జుట్టు ముడులు, హెడ్‌సెట్ అద్దాలతో గడిచింది. దీని గురించి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకి ప్రోగ్రామింగు కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి.

చీర కుచ్చిళ్లు పెడల్‌లో పడతాయి. పంచె అంచూ అంతే. ప్లైవుడ్ ముక్కతో యంత్రానికి రెండు పక్కలా తొడుగు చేయించాం. అది చాలలేదు. కుచ్చిళ్లని కొంచెం పైకి తీసి పిన్నీసు పెట్టడం ఆయాలు చూసుకుంటున్నారు, మగవాళ్లకి లుంగీ లేదా పైజమా. చెప్పులతో తొక్కితే పాదం జారుతోంది. పెడల్‌కి వెల్క్రో పట్టీ కుట్టించి పాదాన్ని నిలబెట్టాం. సుగరు ఉన్నవాళ్లకి పట్టీ ఒరుసుకున్నా తెలియకపోవచ్చు కాబట్టి మెత్తటి సాక్స్ తప్పనిసరి, తొక్కాక పాదం చూడడం కూడా తప్పనిసరి.

హెడ్‌సెట్ పట్టీ సరిగ్గా ముడి మీదకి వస్తుంది. ఒక మామ్మగారు ముడి విప్పి జడ వేయించుకోనంటే వేయించుకోనన్నారు, పైగా ముళ్లో పూలు కూడా ఉన్నాయి. ఆవిడ కోసం పట్టీని రెండు పాయలుగా చేసి ముడికి పైనొకటి, కిందొకటి వచ్చేలా కుట్టించాం. ఇప్పుడు అందరికీ అదే వాడుతున్నాం, బరువు కూడా బాగా సర్దుకుంది. హెడ్‌సెట్ అరకిలో దాకా ఉంటుంది, ఆ బరువంతా ముందుకే లాగుతుంది. మెడనొప్పి ఉన్నవాళ్లకి అది చాలా ఎక్కువ. వెనక పట్టీకి చిన్న బరువు కట్టాక మెడ మీద లాగుడు తగ్గింది.

ముఖానికి ఆనే మెత్తకి బొట్టు, విభూతి, నూనె అంటుకుంటాయి. తడిగుడ్డతో తుడవగలిగే సిలికాన్ తొడుగు వేశాం. హెడ్‌సెట్ లోపలి అద్దాలకి మాత్రం స్పిరిటు తగలనివ్వడం లేదు, వాటిని కళ్లజోడు తుడిచే పొడి గుడ్డతోనే తుడవాలి. వాడనప్పుడు హెడ్‌సెట్‌ని వరండాలో పెట్టకూడదు. ఎండ ఆ కటకాల్లో పడితే భూతద్దంలో పడ్డట్టే, లోపలి తెర కాలిపోతుంది. ఏప్రిల్ ఎండ కిటికీలోంచి వచ్చినా చాలు. అందుకని మూతున్న స్టీలు డబ్బా ఒకటి కేటాయించాం.

అన్నిటికంటే పెద్ద విషయం ఒక మామ్మగారు చెప్పారు. కింద చూసి కంగారుపడి "కాళ్లు కనపడట్లేదు బాబూ" అన్నారు. నిజమే, 360 వీడియోలో కింద చూస్తే ఖాళీ రోడ్డు. తన కాళ్లు తనకి కనపడకపోతే ఎనభై ఏళ్ల మనిషికి ఎలా ఉంటుందో కుర్రవాళ్లం ఊహించలేం. పడిపోయిన అనుభవం ఉన్నవాళ్లకి నేల కనపడడమే ధైర్యం.

హెడ్‌సెట్‌కి బయట కెమెరాలున్నాయి, వాటితో గదిని లోపల చూపించవచ్చు. వీడియో కింది భాగంలో అర్ధచంద్రాకారంలో ఒక కిటికీ తెరిచాం. కింద చూస్తే తన మోకాళ్లు, చీర అంచు, పెడల్, నేల టైల్సు అన్నీ కనపడతాయి. తలెత్తితే గోదావరి. ఆ మామ్మగారు మళ్లీ పెట్టుకుని, చేత్తో మోకాలు తడుముకుని, "ఆయ్, ఇప్పుడు బానే ఉంది" అన్నారు. వికారం కూడా బాగా తగ్గింది. కదలని గది ఒక పక్క కనపడుతుంటే కంటికి ఒక ఆనుకోలు దొరుకుతుంది. కదిలేటప్పుడు చుట్టూ అంచుల్ని మెల్లగా చీకటిచేసి చూపు మేర కుదిస్తే వికారం తగ్గుతుందని కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో చూపించారు. మేం మలుపుల దగ్గర దాన్ని కూడా వాడుతున్నాం.

మే

రైల్వే తాతగారు పది నిమిషాల్లో దాదాపు కిలోమీటరు తొక్కుతున్నారు. అంటే ఒకరోజు వంతెన ఇవతలి భాగంలోనే టైమైపోయింది. డాక్టరమ్మ చేయి భుజం మీద వేసి (హెడ్‌సెట్‌లో ఉన్నవాళ్లని చెప్పాపెట్టకుండా ముట్టుకోకూడదు, ముందు పేరు పెట్టి పిలిచి తర్వాతే చేయి వెయ్యాలి) "ఇక చాలు తాతగారూ" అంది. ఆయన "ఇక్కడా? నడి గోదాట్లో వదిలేస్తారా?" అన్నారు.

మర్నాడు పిలవకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

అప్పటికి యాప్ ఎప్పుడు తెరిచినా దారి మొదటి నుంచే మొదలయ్యేది. ఆ రాత్రి కూర్చుని మార్చేశాను. ఎవరు ఎక్కడ ఆగారో వాళ్ల పేరుతో గుర్తుంటుంది, మర్నాడు అక్కడి నుంచే. రాయాల్సిన కోడు చాలా చిన్నది. ఈ ప్రాజెక్టులో ఎక్కువ పనిచేసింది మాత్రం అదే. బొమ్మ నాణ్యత, ధ్వని, కిటికీ, ఇవన్నీ కూర్చోబెట్టడానికి పనికొస్తాయి. రేపు మళ్లీ రప్పించేది సగంలో ఉన్న దారే. ఇప్పుడు పది నిమిషాలకి ఒక ఊరు పూర్తయ్యేలా కాకుండా, కావాలనే ఊరికి కాస్త ముందు ఆగేలా చూస్తున్నాం. భోజనాల దగ్గర "మీరెక్కడిదాకా వచ్చారు?" అన్న మాట వినపడుతోంది. అమెరికా నుంచి ఫోన్ చేసిన కొడుకుతో ఒక మామ్మగారు "రేపటికి కొవ్వూరు చేరతాన్రా" అని చెప్పడం విన్నాను.

ఇదే నెలలో హెడ్‌సెట్‌లో కనపడే బొమ్మని హాల్లో టీవీ మీద కూడా వేయడం మొదలెట్టాం. తొక్కేది ఒకరు, చూసేది అందరూ. "అదిగో, ఆ పక్కకి చూడండి" అని వెనక నుంచి అరుపులు. తొక్కేవాళ్లు తల తిప్పుతారు, టీవీలో బొమ్మ తిరుగుతుంది. మెడ వ్యాయామం దానంతటదే అయిపోతోంది. డాక్టరమ్మకి ఇంకో లాభం కూడా ఉంది. శ్రమ సరిగ్గా ఉందో లేదో చూడడానికి మాట పరీక్ష ఒకటుంది: తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం మిగలకూడదు. వీళ్లు దారి పొడుగునా కబుర్లు చెప్తూనే ఉంటారు. ఆ కబుర్లలో ఊపిరి ఎక్కడ తెగుతోందో ఆవిడ వింటూ ఉంటుంది.

మతిమరుపు జబ్బున్న ఒక పెద్దాయనకి హెడ్‌సెట్ పెట్టలేదు. చుట్టూ ఉన్న గది ఒక్కసారిగా మాయమైతే ఆయన బెదిరిపోవచ్చు. టీవీ ముందు పెడల్ పెట్టి కూర్చోబెట్టాం. ఆయన అందరికంటే నిలకడగా తొక్కారు. ఈ అనుభవం తర్వాత నా అభిప్రాయం స్థిరపడింది: హెడ్‌సెట్ అందరికీ అక్కర్లేదు. ఆశ్రమాలవాళ్లు ఎవరైనా అడిగితే ముందు టీవీ, పెడల్, సెన్సర్‌తో మొదలుపెట్టమనే చెప్తాను. ఆ తర్వాత ఎవరికి నచ్చితే వాళ్లకి హెడ్‌సెట్.

ఎండాకాలం కరెంటు కోతలకి రూటరుని ఇన్వర్టర్ లైనుకి మార్చాం. దారి మధ్యలో చీకటైతే లోపలున్న మనిషికి చాలా టెన్షన్. సంబంధం తెగిన వెంటనే బయటి గది కనపడేలా యాప్‌లో ఏర్పాటు చేశాం.

జూలై

కొత్త దారి: ధవళేశ్వరం బ్యారేజీ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేసిన చోటి దగ్గరే ఇప్పటి బ్యారేజీ ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. పెద్దవాళ్లే పట్టుబట్టారు, వరద నీరు వచ్చాక తీయమని. "వేసవిలో ఇసకే ఉంటుంది, అది గోదారేంటి?" అన్నారు. అందుకని నీళ్లు ఎర్రబడే దాకా ఆగి, దారి మూయకముందు ఒక పొద్దున్న వెళ్లి తీసుకొచ్చాం.

లంకలో పెరిగిన మామ్మగారు ఒకావిడ ఇన్నాళ్లూ పెడల్ దగ్గరికే రాలేదు. మోకాళ్ల అరుగుదల ఎక్కువ. టీవీలో ఎర్ర నీళ్లు చూసి కుర్చీ దగ్గరికి జరిపించుకున్నారు. డాక్టరమ్మ యంత్రాన్ని బల్ల మీద పెట్టి, చేతులతో తిప్పమంది. సెన్సర్‌కి చెయ్యైనా కాలైనా ఒకటే. ఆవిడ తిప్పుతూ, వరద వస్తే గేదెల్ని ఎలా గట్టెక్కించేవాళ్లో, రాత్రిళ్లు నీటిమట్టానికి పుల్ల పాతి ఎలా చూసుకునేవాళ్లో చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి వరద వాళ్లు చెప్పడం మొదలెట్టారు, 1986 వరద దగ్గర ఇద్దరి లెక్కలు కలవక పెద్ద వాదన కూడా అయింది. ఆవిడ భుజాలు ఎంతసేపు కదిలాయో ఆవిడకే తెలియదు, ఆపమని చెప్పాల్సి వచ్చింది.

ఆగస్టు

డాక్టరమ్మ మొదటి నుంచీ రెండు పరీక్షలు రాసి పెడుతోంది. ఒకటి, 30 సెకన్లలో చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరు. రెండోది, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోడానికి ఎంత సమయం. ఉన్నవాళ్లు కొద్దిమంది, వేరే మందులూ మారుతుంటాయి కాబట్టి ఆ అంకెలతో పెద్ద మాటలు చెప్పడం మాకు ఇష్టం లేదు. తొక్కడానికి రోజూ వచ్చేవాళ్లు మాత్రం నెలలు గడిచినా తగ్గలేదు, అది కళ్లకి కనపడుతోంది.

ఒకటి గట్టిగా చెప్పాలి. కూర్చుని తొక్కడం వల్ల గుండెకి, కాళ్లకి మేలు, కానీ పడిపోకుండా నిలబడే శక్తి దాంతో రాదు. పెద్దవాళ్లకి పడిపోవడమే అసలు ప్రమాదం. అందుకని హెడ్‌సెట్ తీశాక కొన్ని నిమిషాలు కూర్చోబెట్టి, కళ్లు సర్దుకున్నాక, బీపీ చూశాక, కుర్చీ పట్టుకుని లేచి కూర్చునే వ్యాయామం డాక్టరమ్మ చేయిస్తోంది. ఫిబ్రవరిలో దీనికి ఒక్కరూ ఒప్పుకునేవాళ్లు కాదు. ఇప్పుడు "సైకిలు దిగాక" అనే వరసలో అదీ జరిగిపోతోంది.

తర్వాతి పనులు. చేతులతో తిప్పేవాళ్లకి సైకిల్ దారి కంటే నీటి దారి నప్పుతుంది కాబట్టి సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద తియ్యాలి. కెమెరా మళ్లీ అరువు అడగాలి. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుని తొక్కే జట్టు ప్రయాణం యాప్‌లో పెట్టాలి, దానికి జట్ల పేర్లు వాళ్లే పెట్టేసుకున్నారు. 2027 పుష్కరాలకి ఆ జనంలో వీళ్లెవరూ రేవు దాకా వెళ్లలేరు. అందుకని ఇప్పుడే పుష్కరఘాట్, కోటిలింగాల రేవు తెల్లవారుజామున తీసి పెట్టుకోవాలి. పెడల్ ఇరుసుకున్న ప్లాస్టిక్ పళ్లెం ఒక పక్క పగులుతోంది. ఈసారి అల్యూమినియంతో చేయిస్తాం, లేతు మెషిను అతను శనివారం రమ్మన్నాడు.